మేళమూ దళమూ: కృష్ణా డెల్టాలో రెండో గొంతు



నాయక వేషాలు కట్టినవారి పేరున స్మారక సభలు జరగడం మనకు మామూలే. పక్కన కూర్చుని శ్రుతి అందించిన మనిషి పేరున ఒక నిధి ఉండడం అరుదు. ఈ ఉపన్యాసం ఒక హార్మోనిస్టు స్మృతిలో జరుగుతోంది. ఆ మాస్టారు పౌరాణిక నాటకాలకు వాయించారు, భాగవతుల ఆటలకు వాయించారు, బడిపిల్లల పాటలకూ వాయించారు. పద్యం మధ్యలో శ్రుతి తప్పిన నటుణ్ణి ఒక్క స్వరంతో ఒడ్డున పడేసేవారు. వన్స్ మోర్లు మాత్రం నటుడికే దక్కేవి. అందుకే నన్ను మాట్లాడమని అడిగినప్పుడు, పక్కవాద్యం, పక్కగొంతు విలువ బయటపడే విషయమే తీసుకోవాలనుకున్నాను.

ఈ డెల్టాలో పుట్టి పెరిగిన రెండు కళాబృందాలను పక్కపక్కన నిలబెట్టి చూడాలని నా ప్రయత్నం. ఒకటి, కూచిపూడిలో చింతా వెంకటరామయ్య గారు నడిపిన వెంకటరామ నాట్యమండలి. రెండోది, ప్రజానాట్యమండలిలో రూపుదిద్దుకున్న షేక్ నాజర్ బుర్రకథ దళం. కాలం వేరు, శైలి వేరు, నమ్మకాలు వేరు. ఒకరిది దేవుడి కథ, మరొకరిది రైతు కథ అని తేల్చేసి ఇద్దరినీ చెరో అరలో పెట్టేయడం మనకు అలవాటైంది. ఆ అలవాటు వల్ల రెండు కళలకూ ప్రాణమైన ఒక విషయం మన కళ్ల ముందే జారిపోతోందని నా అభిప్రాయం.

జట్టును ఎలా పోల్చాలి?

బృందాలను పోల్చి చూడడం అమెరికాలో రాక్ సంగీతాభిమానులకు ఎంతో ఇష్టమైన పని. అక్కడినుంచి ఒక ఉదాహరణ తీసుకుంటాను. లాస్ ఏంజెలెస్‌లో 1965లో మొదలైన బృందం ద డోర్స్. జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్ అనే విద్యాలయ పట్టణంలో 1980లో మొదలైన బృందం ఆర్.ఇ.ఎం. మొదటిదానిలో ఆర్గాన్ మోత, దీర్ఘమైన పాటలు, వేదిక మీద నాటకీయత. రెండోదానిలో గలగలమనే గిటారు, మాటలు సగం మింగినట్టు వినిపించే గాత్రం. వినేవారికి వీటి మధ్య చుట్టరికం కనిపించదు.

జట్టు కట్టుకున్న తీరు చూస్తే చుట్టరికం తెలుస్తుంది. డోర్స్ తమ తొలి ఆల్బమ్‌లలో పాటల రచనను ఏ ఒక్కరి పేరునా వేసుకోలేదు, బృందం పేరునే వేశారు. ఆర్.ఇ.ఎం. వారు తమ పాటలను నలుగురి పేరునా సమానంగా వేసుకున్నారు. డోర్స్‌కు వేదిక మీద బేస్ గిటారు వాయించే మనిషి ఉండేవాడు కాదు. కీబోర్డు వాయించే రే మంజరెక్ కుడిచేత్తో పాట నడుపుతూ, ఎడమచేత్తో బేస్ వరస కూడా వాయించేవాడు. జనం కళ్లన్నీ గాయకుడు జిమ్ మోరిసన్ మీద ఉంటే, పాటను నిలబెట్టింది ఆ ఎడమచెయ్యి. 1971లో మోరిసన్ చనిపోయాక మిగిలిన ముగ్గురూ 1973 దాకా లాగి, విడిపోయారు. ఆర్.ఇ.ఎం.లో డ్రమ్స్ వాయించే బిల్ బెర్రీ 1997లో తప్పుకున్నాడు. మిగిలిన ముగ్గురు 2011 దాకా కొనసాగారు. ఎవరి గొంతు గొప్పది అన్న దగ్గర పోలిక ఆగిపోతే ఇవేవీ కనిపించవు. ఎవరు ఎవరికి ఆసరాగా నిలబడ్డారని అడిగితే కనిపిస్తాయి. నేను కూడా మన జట్లను ఆ ప్రశ్నతోనే చూస్తాను.

కూచిపూడి మేళం

క్షేత్రయ్య పదాల్లోని గోపాలుడు కొలువైన మొవ్వకు కూతవేటు దూరంలో ఉంది కూచిపూడి. సిద్ధేంద్రయోగి భామాకలాపం రచించి అక్కడి బాలురచేత ఆడించాడని సంప్రదాయం చెబుతుంది. భాగవతుల కుటుంబాలు ఊరి ఆస్తిని పంచుకున్న 1763 నాటి దస్తావేజు ఒకటి ఆ ఊరి చరిత్రకు గట్టి ఆధారం. అంటే నాట్యమే వృత్తిగా, కుటుంబాలే జట్లుగా బతికిన ఊరది.

1855లో బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయింది. కాలువల కింద మాగాణి పెరిగింది. కుప్పనూర్పిళ్లు అయ్యాక ఊళ్లలో ధాన్యమూ తీరికా రెండూ ఉండేవి. మేళాలు ఊరూరా తిరగడానికి అదే అదను. అలాంటి కాలంలో పుట్టిన చింతా వెంకటరామయ్య (1860-1949) యక్షగానానికి ఒక కట్టుదిట్టమైన ప్రదర్శన రూపం తెచ్చారు. ప్రహ్లాద, ఉషాపరిణయం, శశిరేఖాపరిణయం వంటి ఆటలతో వెంకటరామ నాట్యమండలి పేరు మోగింది. ఆయన తరవాత చింతా కృష్ణమూర్తి మండలిని నడిపించి సూత్రధారిగా ఎంతో పేరు తెచ్చుకున్నారు.

ఆట ఎలా సాగేదో ఒక్కసారి దగ్గరగా చూద్దాం. గుడి ముందో ఊరి నడుమనో పందిరి. అటూ ఇటూ ఇద్దరు పట్టుకున్న తెర. కాగడాల వెలుగు. మద్దెల, తాళాలు, శ్రుతికి తిత్తి ఉండేవి. తరవాత తరవాత ఫిడేలు, హార్మోనియం వచ్చి చేరాయి. హిరణ్యకశిపుడు ప్రవేశించేటప్పుడు కాగడా మీద గుగ్గిలం పొడి చల్లితే మంట భగ్గుమని లేచేది. భామాకలాపంలో సత్యభామ ప్రవేశానికి మంట అక్కరలేదు, జడ చాలు. తెర మీదుగా పొడుగాటి జడ ఒకటి ఇవతలకు వచ్చి పడుతుంది. నాతో పోటీకి నిలిచి గెలిచేవాళ్లుంటే ఈ జడ కోసి ఇస్తానన్న సవాలు అది. మనిషి ఇంకా కనిపించకముందే ఆవిడ అహంకారం జనానికి తెలిసిపోతుంది.

ఆ భామ ఎవరితో మాట్లాడుతుంది? చెలికత్తె మాధవితో. ఆ మాధవి వేషం వేసేది ఎవరు? నట్టువాంగం పట్టి ఆటనంతా నడిపించే సూత్రధారే. భామ తన విరహం చెప్పుకుంటుంది. నీ భర్త ఎవరమ్మా, పేరు చెప్పు అంటుంది మాధవి. భర్త పేరు పలకడానికి సిగ్గు. సైగలు చేస్తుంది, గుణాలు చెబుతుంది, తిప్పి తిప్పి చెబుతుంది. మాధవి అర్థం కానట్టే ఉంటుంది. జనం పకపకా నవ్వుతారు. ఆ నవ్వుల్లోనే భామ గర్వం పొరలుపొరలుగా కరుగుతుంది. లోకంలో తనకు సాటి లేదన్న మనిషి, చివరకు ఒక ఉత్తరం చేరవేయమని చెలికత్తెను బతిమాలే స్థితికి వస్తుంది. ఆ మార్పంతా మాధవి ప్రశ్నల వల్లనే. ప్రశ్న లేకపోతే భామ దగ్గర మిగిలేది జడ మాత్రమే.

ఉషాపరిణయంలోనూ అంతే. ఉష కలలో చూసిన రాకుమారుణ్ణి కనిపెట్టేది చిత్రరేఖ. ఒక్కొక్కరి బొమ్మా గీసి, ఇతనా, ఇతనా అని అడుగుతుంది. భాగవతుల రామయ్య రచించిన గొల్లకలాపంలో గొల్లభామ బ్రాహ్మణుణ్ణే నిలదీసి, పుట్టుకతో ఎవరికీ ఘనత రాదని శాస్త్రం చెప్పి ఒప్పిస్తుంది. బ్రాహ్మణ కుటుంబాలవారు ఊరందరి ముందూ ఆడిన ఆట ఇది. కూచిపూడి అంటే ఆచారాన్ని మాత్రమే మోసిన కళ అనుకునేవారు గొల్లకలాపాన్ని ఒకసారి శ్రద్ధగా చదవాలి.

బుర్రకథ దళం

ఇప్పుడు రెండో జట్టు. తాడికొండ దగ్గర పొన్నెకల్లులో 1920 ఫిబ్రవరి 5న ఒక పేద దూదేకుల ఇంట పుట్టారు షేక్ నాజర్. హార్మోనియం నేర్చారు, శాస్త్రీయ సంగీతం నేర్చారు, నాటకాల్లో వేషాలు వేశారు, పొట్టకూటికి బట్టలు కుట్టారు. 1943లో బొంబాయిలో భారతీయ ప్రజానాట్య సంఘం ఏర్పడింది. అదే ఏడు బెంగాల్‌లో కరువు లక్షలమందిని మింగింది. ఆంధ్రలో ప్రజానాట్యమండలి డాక్టర్ గరికపాటి రాజారావు వంటివారి నాయకత్వంలో బెజవాడ కేంద్రంగా పనిచేసింది. 1944 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభలు ఈ ఊళ్లోనే జరిగాయి. లక్షల జనానికి మాట చేరాలి. మైకులు తక్కువ, చదువు తక్కువ, డబ్బు అంతకన్నా తక్కువ. అప్పుడు జంగం కథ, శారద కథ, తందాన కథ అని పల్లెల్లో ఎప్పటినుంచో నడుస్తున్న పాత రూపం అక్కరకొచ్చింది.

ముగ్గురు మనుషులు, ఒక తంబుర, రెండు డక్కీలు. ఇంతే సరంజామా. నడుమ కథకుడు. భుజాన తంబుర, బొటనవేలికి అందె, కాళ్లకు గజ్జెలు, తలపాగా, నడుముకు దట్టీ. మీటుతూ, అందె మోగిస్తూ, ముందుకు రెండడుగులు వేసి వెనక్కి తగ్గుతూ కథ చెబుతాడు. కుడిపక్కన రాజకీయం చెప్పే వంత, ఎడమపక్కన హాస్యం చెప్పే వంత. తందాన తాన అని ఇద్దరూ అందుకుంటే కథకుడికి ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. చూసేవారికి ఇది ఊపిరి కోసం చేసిన ఏర్పాటు లాగే ఉంటుంది. అసలు పని వేరే ఉంది.

కథకుడు ఆవేశంగా పోతుంటే హాస్యం వంత అడ్డుపడతాడు. అదేమిటి గురువా, గాదె నిండా ధాన్యం ఉంటే జనం ఎందుకు చచ్చారు అని అమాయకంగా అడుగుతాడు. జనం మనసులో అప్పటికే మెదులుతున్న ప్రశ్న అది. జవాబు ఒక్కోసారి కథకుడు చెబుతాడు, ఒక్కోసారి రాజకీయం వంత అందుకుని బెంగాల్ నుంచి కథను తిన్నగా మన సంతకు తెస్తాడు. పల్నాటి యుద్ధం చెబుతున్నా, బొబ్బిలి చెబుతున్నా, అల్లూరి సీతారామరాజు కథ చెబుతున్నా ఇదే పద్ధతి. కథ పాతది, ప్రశ్న నేటిది.

నాజర్ గారి ప్రతిభ ఇక్కడ రెండింతలైంది. ఆయన రాగం తెలిసిన మనిషి. వీరానికీ, శోకానికీ తగిన రాగచ్ఛాయలు ఎంచుకుని పల్లె వరసల్లో కలిపారు. గొంతు, అడుగు, అభినయం మూడూ తెలిసిన కథకుడు ఆయన. తరవాత 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆయన జీవితకథ ‘పింజారి’ అన్న పేరుతో పుస్తకంగా వచ్చింది. ప్రతి నాట్య విద్యార్థీ చదవవలసిన పుస్తకమది.

తేడాలు చిన్నవి కావు

పోలిక చెప్పే ఉత్సాహంలో తేడాలను తగ్గించి చెప్పడం న్యాయం కాదు. ఆ రోజుల్లో కూచిపూడి మేళంలో చేరాలంటే ఆ కుటుంబాల్లో పుట్టాలి, మగవాడై ఉండాలి. సత్యభామ అంటే మన కళ్ల ముందు నిలిచే వేదాంతం సత్యనారాయణ శర్మ (1935-2012) గారు ఆ సంప్రదాయానికి శిఖరం. పురుషుడి ఒంట్లో స్త్రీ నడకను అంత సహజంగా నిలిపిన నటుడు మరొకరు లేరు. అయినా ఆ శిఖరం కింద ఆ ఊరి ఆడపిల్లలకు చోటు లేకపోయిందన్నది నిజం.

దళంలో దారి వేరు. ప్రజానాట్యమండలిలో మహిళల బుర్రకథ దళాలు ఏర్పడ్డాయి. మోటూరి ఉదయం వంటివారు తంబుర భుజాన వేసుకుని వేదికలెక్కారు. కూచిపూడికి దగ్గరలోనే ఉన్న పామర్రులో పుట్టిన కొండపల్లి కోటేశ్వరమ్మ (1918-2018) బాల వితంతువుగా మొదలైన బతుకును ఉద్యమంలోకీ, పాటలోకీ నడిపించుకున్నారు. ఆమె ఆత్మకథ ‘నిర్జన వారధి’ చదివితే, ఆ రోజుల్లో ఆడమనిషి వేదికెక్కి పాడడానికి ఎంత గుండెధైర్యం కావలసి వచ్చిందో తెలుస్తుంది. ఒకే ప్రాంతంలో, నడిచి వెళ్లేంత దూరంలో, ఒక కళ ఆడవేషాన్ని మగవాడికి అప్పగించింది, మరో కళ మగవాడి తంబురను ఆడమనిషి భుజాన పెట్టింది.

పోషణలోనూ ఎంతో తేడా. మేళానికి జమీందార్లు, గుళ్లు, ఊరి పెద్దలు అండ. దళానికి కమ్యూనిస్టు పార్టీ, రైతు సంఘం, వేలాది శ్రోతలు అండ. చల్లపల్లి జమీందారీ భూముల కోసం రైతుకూలీలు పోరాడుతున్న సీమలోనే కూచిపూడి భాగవతులూ ఆడుతూ ఉండేవారు. 1948 తరవాత కమ్యూనిస్టుల మీద అణచివేత పెరిగినప్పుడు దళాలు చెల్లాచెదరయ్యాయి. మేళానికి అలాంటి కష్టం రాలేదు. దానికి వచ్చిన కష్టం పోషకులు కరిగిపోవడం.

రెండింటికీ జరిగింది ఒక్కటే

1950ల నుంచి రెండు జట్ల దారీ చివరకు ఒకే మలుపు తిరిగింది. మొదట సినిమా ఇద్దరినీ పిలిచింది. గరికపాటి రాజారావు 1953లో ‘పుట్టిల్లు’ తీశారు. 1954 నాటి ‘అగ్గిరాముడు’లో నాజర్ దళం అల్లూరి కథ చెప్పింది. కూచిపూడి నుంచి వేదాంతం రాఘవయ్య వెళ్లి ‘దేవదాసు’కు దర్శకుడయ్యారు. పసుమర్తి కృష్ణమూర్తి ‘మల్లీశ్వరి’కీ, ‘మాయాబజార్’కూ నాట్యం కూర్చారు. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం బుర్రకథను ఇంటింటికీ చేర్చింది.

కూచిపూడికి శాస్త్రీయ నృత్యంగా గుర్తింపు రావాలని పెద్దలు పోరాడారు. 1958లో ఢిల్లీలో జరిగిన నృత్య సదస్సులోనూ, మరుసటి ఏడు హైదరాబాదు సదస్సులోనూ వాదించారు. ఏలూరు న్యాయవాది బందా కనకలింగేశ్వరరావు ఆ ఊరికి చేసిన సేవ మరువలేనిది. అంతకుముందే వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి స్త్రీలకు నేర్పడం, ఏకపాత్ర నృత్యాన్ని తీర్చిదిద్దడం మొదలుపెట్టారు. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో అకాడమీ పెట్టి వందలాది అమ్మాయిలను తయారుచేశారు, నృత్యనాటకాలతో బృందాన్నీ నిలిపారు. ఆ ఇద్దరి చలవ వల్లనే ఈ రోజు మన ఆడపిల్లలు కూచిపూడి ఆడుతున్నారు. అది పెద్ద లాభం. దాన్ని నేను రెండు చేతులా స్వాగతిస్తాను.

లాభంతోపాటు ఒక నష్టం కూడా వచ్చింది. సభల్లో గంటన్నర వ్యవధి, ఒక్క నర్తకి, పక్కన వాద్యబృందం. ఆ చట్రంలో భామ ప్రవేశ దరువు మాత్రం మిగిలింది, మాధవి తప్పుకుంది. ఎన్నో అరంగేట్రాల్లో సత్యభామ వస్తుంది, జడ చూపిస్తుంది, తన గొప్ప చెప్పుకుంటుంది, వెళ్లిపోతుంది. ఆమెను ఎవరూ ఏమీ అడగరు. గర్వం మిగిలింది, గర్వభంగం పోయింది. 2016 డిసెంబరులో విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో ఆరువేలమందికి పైగా నర్తకులు ఒకేసారి ఆడారు. చూడడానికి కన్నుల పండువే. అంతమందిలోనూ ఎదుటివారిని ఆపి ప్రశ్న అడిగే పాత్ర ఒక్కటీ లేదు.

బుర్రకథకూ అదే గతి పట్టింది. కుటుంబ నియంత్రణ, చిన్నమొత్తాల పొదుపు వంటి ప్రభుత్వ ప్రచారాలకు బుర్రకథను వాడుకున్నారు. మంచి పనులే, కళాకారులకు నాలుగు డబ్బులూ వచ్చాయి. అయితే పథకం చెప్పే కథలో హాస్యం వంత గుచ్చి అడిగే వీలు లేదు. రాజకీయం వంత తన పేరుకు తగ్గ మాట ఆడే వీలు అసలే లేదు. ఇద్దరూ తల ఊపేవారయ్యారు. నిర్బంధం ఆపలేకపోయిన ప్రశ్నను పారితోషికం మెల్లగా ఆపేసింది.

మన జ్ఞాపకంలోనూ ఇదే జరిగింది. సత్యనారాయణ శర్మ గారు మనకు తెలుసు. ఆయన ఎదుట మాధవిగా నిలబడినవారిలో ఎందరి పేర్లు చెప్పగలం? నాజర్ గారు తెలుసు. ఆయనకు కుడి ఎడమల నిలబడ్డ వంతల్లో ఎందరిని గుర్తుపెట్టుకున్నాం? బిరుదులు, సన్మానాలు, విగ్రహాలు, శతజయంతులు అన్నీ నడిమి మనిషికే. ఆ గౌరవానికి వాళ్లు నూటికి నూరుపాళ్లూ తగినవారే. కాని వాళ్ల కళ ఏకాకి కళ కాదు. రెండో గొంతు ఎదురు నిలిచినందువల్లే మొదటి గొంతుకు ఆ పదును వచ్చింది.

ఎదుటి మనిషి అడ్డుకుని అడిగినప్పుడే కథ కదులుతుందని ఈ డెల్టా నమ్మింది. మతం వేషంలోనూ నమ్మింది, ఉద్యమం వేషంలోనూ నమ్మింది. వెంకటరామయ్య గారికీ నాజర్ గారికీ ఉన్న అసలైన చుట్టరికం ఇదే. గుడి ముందు ఆడినా, కిసాన్ సభలో ఆడినా, వాళ్లు శ్రోతను వినేవాడిగా మాత్రమే చూడలేదు. అతని తరఫున అడిగే మనిషిని వేదిక మీదనే నిలబెట్టారు. వ్యక్తిని ఆకాశానికెత్తి ప్రశ్నను పక్కకు నెట్టే కాలంలో, ఇది కళకు మాత్రమే సంబంధించిన సంగతి అని నేను అనుకోను.

చేయవలసిన పనులు

ఉపన్యాసాలు విని వెళ్లిపోవడం కాకుండా, మనం చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. ఒకటి, కూచిపూడి, మొవ్వ, పామర్రు, తాడికొండ ప్రాంతాల్లో మిగిలిన సూత్రధారులను, వంతలను, మద్దెల, డక్కీ వాయించేవారిని కలిసి వాళ్లకు తెలిసినదంతా రికార్డు చేయాలి. ఎక్కడ ఆపాలి, ఏ ప్రశ్న ఎప్పుడు వేయాలి అన్నది చాలావరకు పుస్తకాల్లో లేదు, వాళ్ల నోట ఉంది. ఆ మనుషులు పెద్దవాళ్లయ్యారు. రెండు, ఆకాశవాణి దగ్గర ఉన్న పాత బుర్రకథల టేపులను భద్రపరచి, విద్యార్థులకు అందుబాటులోకి తేవాలని మనమంతా కలిసి అడగాలి. మూడు, నాట్యం నేర్పే గురువులకు నా మనవి: అమ్మాయికి సత్యభామ నేర్పినప్పుడు మరో అమ్మాయికి మాధవి నేర్పండి. అరంగేట్రంలో ఇద్దరినీ వేదికెక్కించండి. నాలుగు, ఆహ్వాన పత్రికల్లో పక్కవాద్యాలవారి పేర్లు అడుగున చిన్న అక్షరాల్లో కాకుండా, నాయక పాత్ర పేరుకు వేసిన అక్షరాల్లోనే వేయండి.

ఈ నిధి నిర్వాహకులకు చివరిగా ఒక విజ్ఞప్తి. ఇది హార్మోనిస్టు పేరున ఉన్న నిధి. వచ్చే ఏడాది ఇదే రోజున ఉపన్యాసానికి బదులు ఒక పూర్తి జట్టును పిలవండి. మాధవితో కలిసి భామాకలాపమైనా సరే, ఇద్దరు వంతలూ అడగదలచుకున్నది అడగగలిగే బుర్రకథ అయినా సరే. పారితోషికం జట్టులో అందరికీ సమానంగా ఇవ్వండి. ఆ ఖర్చులో నా వంతు నేను ఇస్తాను. మీరందరూ మీ మీ వంతు వేయండి.